అవతలి ఒడ్డుకు చేరని కోటు

"కోటేదీ?"

ఇలింకా మొదట నిద్రమత్తులో మామూలుగా అడిగింది. జవాబు రాకపోతే గొంతు పెంచి అడిగింది. ఇప్పుడు గొంతు బాగా తగ్గించి అడిగింది. అత్తగారికి భయం వేసింది ఇప్పుడే.

అయినా ప్రొఫీరా తల తిప్పలేదు. గుడికి కట్టుకెళ్లిన నల్ల తలగుడ్డ ఇంకా విప్పలేదు. బల్ల మీద ఖాళీ గిన్నెలు, సగం కాలిన కొవ్వొత్తులు, ఇరుగుపొరుగుకి పంచగా మిగిలిన తీపి గోధుమలు. ఆమె తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది.

"మిమ్మల్నే, అత్తయ్యా."

"వినపడింది. చెవుడు కుడి చెవికేగా."

"మరి చెప్పండి. రాత్రి కొక్కేనికి ఉంది. ఇప్పుడు లేదు."

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"యుస్తిన్‌కి."

ఇలింకా కుర్చీ వీపు పట్టుకుంది. మొగుడు పోయి రెండో చలికాలం వచ్చింది. ఆయన పేరు ఆ వంటింట్లో ఇంత మామూలుగా, పక్కగదిలో ఉన్న మనిషి పేరులా వినపడి చాలా కాలమైంది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూడబోయింది కూడా. ఆ క్షణానికి తన మీద తనకే జాలేసింది. వెంటనే ఒళ్లు మండింది.

"ఇవాళ పెద్దల శనివారం" అంది ప్రొఫీరా. "ఊళ్లో అందరూ తమవాళ్లకు పెట్టుకున్నారు. నేను మీ మామయ్య పేర గిన్నె ఇచ్చాను, రొట్టె ఇచ్చాను. నా కొడుకు పేర కోటు ఇచ్చాను. ఆ రోజు గాలికి గేటు కొట్టుకుంటోందని వాడు చొక్కాతో బయటికెళ్లాడు. అక్కడే పడి చొక్కాతోనే పోయాడు. ఇంత మంచులో వాడికేముంది అక్కడ?"

"సూటు వేసే కదా పూడ్చాం."

"సూటు వెచ్చగా ఉంటుందా?"

ఇలింకా గొంతు మళ్లీ లేచింది.

"నన్నడగాల్సింది!"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు. నలభై రోజుల్లోపు ఇవ్వాల్సింది. నీ మొహం చూసి ఏడాది పైన ఆగాను. గుడిమెట్ల మీద ఆడవాళ్లు ఏమంటున్నారో నీకేం తెలుసు? ప్రొఫీరా కోడలు మొగుడి బట్టలు ఎలకలకి దాస్తోంది అంటున్నారు."

"అననివ్వండి."

"రోజూ పొద్దున్నే దాని కాలర్‌లో మొహం దూర్చి నించుంటావు. కాఫీ పొంగి పొయ్యి మీద పోతుంది. పిలిస్తే పలకవు. నేను చూడట్లేదనుకుంటున్నావా? నా కొడుకు మట్టిలోకి పోయాడు, కోడలు కొక్కేనికి అతుక్కుపోయింది. ఒక్క ఇంట్లో నేనెన్ని చూడను?"

ఇలింకా మొహం కందిపోయింది. తను అలా నిలబడేది అత్తగారు కోళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రమే. ఎవరూ చూడరనే అనుకుంది ఇన్నాళ్లూ.

"ఎవరి చేతికిచ్చారు?"

"తొయాదెర్ చేతికి. వీడిదీ వాడిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. అడిగి తీసుకున్నవాడు కాదు, పిలిచి ఇచ్చాను."

"వెళ్లి తెచ్చుకుంటాను."

ప్రొఫీరా చేతిలో గుడ్డ కింద పడింది. అంత వయసు మనిషీ ఒక్క ఉదుటున లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పెద్దల పేర ఇచ్చింది వెనక్కి అడుగుతావా? నా కొడుకు భుజాల మీంచి లాక్కున్నట్టే కదుటే అది! తెలివున్న మనిషి చేసే పనేనా?"

"నేను ఈ ఊరిదాన్ని కాను."

"ఆ ముక్క పెళ్లినాటి నుంచీ వింటున్నాను. మీ బుకారెస్ట్ పట్నంలో చచ్చిపోయినవాళ్లకి చలి వెయ్యదు కాబోలు."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. ప్రొఫీరా వంగి గుడ్డ తీసుకుని మళ్లీ గిన్నె తుడవడం మొదలుపెట్టింది. ఇలింకా తన పనిగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తోసి వెయ్యలేదు, నెమ్మదిగా వేసింది. ఆ నెమ్మదితనం ప్రొఫీరాకు తగలవలసిన చోటే తగిలింది.

*

గదిలో కంప్యూటర్ తెర వెలుగుతూనే ఉంది.

ఇలింకా, యుస్తిన్ కలిసి చేస్తూ వచ్చిన ఆట అది. అందులో తుపాకులు లేవు, పరుగులు లేవు, ఓడిపోవడమూ లేదు. ఒక పూట కూర్చుంటే అయిపోయే చిన్న ఆట. టీ చల్లారేలోపు అయిపోతుందనేవాడు యుస్తిన్. ఆయన టీ ఎప్పుడు తాగినా చల్లారిన తర్వాతే గనక, ఆ కొలత నమ్మేందుకు లేదు.

తెర పైసగంలో మంచు కురిసే ఊరు, ఒక ఇల్లు, దడి. ఇంటి ముసలమ్మ దడి దగ్గర నిలబడి ఉంటుంది. ఇంటి లోపల, చనిపోయిన మనిషి వస్తువులు: కుర్చీ, లాంతరు, చేపలు పట్టే గాలం, టోపీ. ఆడేవాళ్లు చెయ్యాల్సింది ఒక్కటే. ఏ వస్తువు ఎవరికి నప్పుతుందో చూసుకుని దడి మీదుగా అందించాలి. నప్పకపోతే అది తిరిగి వచ్చేస్తుంది. నప్పితే పుచ్చుకున్న మనిషి "బొగ్దాప్రోస్తే" అంటాడు. దేవుడు పోయినవాళ్లను మన్నించుగాక అని. ఆ మాట పడితేనే వస్తువు మంచులోంచి మెల్లగా కిందికి దిగి, తెర కిందిసగంలో, నదికి అవతలి ఒడ్డున ఉన్న మనిషికి చేరుతుంది. ఇక్కడ ఇల్లు ఖాళీ అవుతున్నకొద్దీ అక్కడ ఆ మనిషికి ఇల్లు అమరుతుంది.

యుస్తిన్ దాన్ని తండ్రి పోయినప్పుడు మొదలుపెట్టాడు. బొమ్మలు ఇలింకావి, ఆటను కదిలించే కోడ్ రాత యుస్తిన్‌ది. చిన్న మైకుకి తల్లి అల్లిన ఉన్ని మేజోడు తొడిగి, ఇల్లిల్లూ తిరిగి ఆ మాటను ఒక్కొక్కరి గొంతులో పట్టుకొచ్చాడు. ఉత్తరాలావిడ, ఫాదర్ గారు, పాలకేంద్రం ముసలాయన. ప్రొఫీరా చేత కూడా అనిపించాడు. ఆమె గొంతు సవరించుకునే శబ్దం కూడా ఆటలో అలాగే ఉంచేశాడు.

"నువ్వూ అను" అన్నాడు ఒక సాయంత్రం, మైకు ఇలింకా మూతి ముందు పెట్టి.

"నా నోట ఆ మాట తిరగదు. థాంక్యూ అంటే చాలదా?"

"థాంక్యూ అంటే వస్తువు నీ దగ్గరే ఆగిపోతుందోయ్. ఈ మాటంటేనే అవతలికి వెళ్తుంది."

"అయితే నన్నొదిలెయ్."

"వదల్లేదు. నీది చివర్లో."

నవ్వి మైకు బల్ల మీద పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది, మేజోడుతో సహా. యుస్తిన్ పోయిన తర్వాత ఇలింకా ఎవరింటికి వెళ్లినా, ఎవరు ఏ పెద్దల పేర ఏమిచ్చినా తల ఊపి పుచ్చుకునేది గానీ ఆ మాట అనేది కాదు. తెర మీద లెక్కలేనన్నిసార్లు ఆ అక్షరాలను తీర్చిదిద్దింది. నోటితో ఒక్కసారీ అనలేదు. అంటే యుస్తిన్ పోయినవాళ్లలో కలిసిపోతాడు.

ఆటలో మిగిలింది ఆఖరి మెట్టు. వస్తువులన్నీ వెళ్లిపోయాయి. కొక్కేనికి కోటు ఒక్కటే ఉంది. ఊళ్లోవాళ్లందరికీ ఇచ్చి చూసింది ఇలింకా. ఎవరికీ నప్పదు, మళ్లీ వచ్చి కొక్కేనికి చేరుతుంది. అవతలి ఒడ్డున మనిషి చేతుల్లోకి ఊదుకుంటూ నిలబడి ఉంటాడు. కోటు చేరేదాకా అలాగే ఊదుకుంటాడని యుస్తిన్ రాసిపెట్టాడు. ముందుగా ఆడి చూసిన స్నేహితురాలు "చివర్లో ఆట ఆగిపోతోంది, ఏదో పొరపాటు ఉంది" అని కబురు పెట్టింది. ఆటను అమ్మకానికి పెట్టేవాళ్లు సోమవారంలోగా పంపమన్నారు.

ఇలింకా ఒక నిర్ణయానికి వచ్చింది కూడా. కోటు ఎవరికీ వెళ్లదు. కొక్కేనికే ఉంటుంది. మంచు కురిసి కురిసి తెరంతా తెల్లబడి ఆట ముగుస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. నిన్న రాత్రి యుస్తిన్ కోటును ఎదురుగా పెట్టుకుని మడతలు గీసి, తిరిగి కొక్కేనికి తగిలించి పడుకుంది. పొద్దున్నే లేచేసరికి ఇదీ సంగతి.

మౌస్ పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

వీధిలో యుస్తిన్ వెళ్తున్నాడు.

ఆ గోధుమరంగు వీపు, ఎడమ భుజం కొంచెం పైకి లేచిన ఆ కుట్టు, ఎత్తిపెట్టిన కాలర్. పాలకేంద్రం వైపు, మంచులో తాపీగా. ఇలింకా మేజోళ్లతోనే పరుగెత్తింది. వంటింట్లో ప్రొఫీరా ఏదో అంది. వినలేదు. గేటు తీసి, వీధి మధ్యకు వచ్చి, ఊరంతా వినేట్టు అరిచింది.

"యుస్తిన్!"

వీపు ఆగింది. తిరిగింది. తొయాదెర్ మొహం కనపడింది.

పాపం అతను ఏం తప్పు చేశాడని? చేతిలో పాలసీసా పట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నిలబడ్డాడు. ఎదురింటి కిటికీ పరదా కదిలింది.

"నేను, వదినా" అన్నాడు మెల్లగా. "తొయాదెర్‌ని."

"తెలుసు."

"కాళ్లకి చెప్పుల్లేవు నీకు."

"తెలుసు."

అతను దగ్గరికి వచ్చాడు. దగ్గరికి వచ్చినకొద్దీ కోటు కోటుగానే ఉంది, మనిషి మాత్రం ఇంకొకడయ్యాడు. అది చూడలేక ఇలింకా పాలసీసా వైపు చూసింది.

"నేను వద్దనే అన్నాను వదినా. ఒట్టు. పొద్దున్నే గుడి నుంచి వస్తుంటే పెద్దమ్మ గేటు దగ్గర ఆపి, కొవ్వొత్తితో సహా చేతుల్లో పెట్టేసింది. యుస్తిన్ పేర అంది. ఏం చెప్పాలో తోచక 'గ్రాచియే' అని వచ్చేశాను."

"ఏమన్నావ్?"

"వద్దన్నానని..."

"కాదు. ఇచ్చినప్పుడు ఏమన్నావ్?"

"గ్రాచియే. అదేలే, ఇటలీలో ఇన్నేళ్లు ఇటుకలు పేర్చాను కదా. ఎవరేమిచ్చినా నోటికి అదే వస్తుంది. మొన్న ఫాదర్ గారితోనూ అనేశాను, ఆయన నవ్వాడు."

ఇలింకాకు కాళ్ల కింద చలి తెలియడం మానేసింది. లోపల ఏదో దీపం వెలిగినట్టయింది. అది మంచి దీపం కాదు. వెనక ప్రొఫీరా వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది, చేతిలో కోడలి బూట్లతో.

"విన్నారా అత్తయ్యా? ఎడమ చెవితో వినండి. తొయాదెర్ 'గ్రాచియే' అన్నాడట."

"ఏంటి?"

"ఇటలీ భాషలో థాంక్యూ. మీరిచ్చారు, అతను థాంక్యూ అన్నాడు. అంతే. మాట పడలేదు."

"పడింది" అంది ప్రొఫీరా. "నేను చూశాను. పెదాలు కదిలాయి."

"కదిలాయి. మాట వేరు."

ప్రొఫీరా తొయాదెర్ వైపు చూసింది. అతను కళ్లు దించుకున్నాడు.

"పెద్దమ్మా, ఇప్పుడంటాను. బొగ్దా..."

"నోర్ముయ్!" అరిచింది ప్రొఫీరా. "కొవ్వొత్తి ఏదిరా? ఇచ్చే చెయ్యి ఏది? పెట్టినప్పుడు అనాల్సింది తిన్న మర్నాడు అంటావా? ముప్పై ఏళ్లొచ్చినవాడికి ఊళ్లో పాపాయికి తెలిసిన మాట తెలియదా?"

"నలభై దాటాయి పెద్దమ్మా."

"సిగ్గులేకపోతే సరి!"

తొయాదెర్ పాలసీసా మంచులో పెట్టాడు. కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ ఇలింకాతో అన్నాడు:

"జేబుల్లో పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉంది వదినా. వాడి అలవాటు నీకు తెలుసుగా, నమిలి జేబులో పోసుకునేవాడు, బళ్లో కూడా అంతే. పారెయ్యబుద్ధి కాలేదు. అలాగే ఉంది."

కోటు ఇలింకా చేతుల మీద పెట్టాడు. బరువుగా, ఇంకో మనిషి ఒంటి వెచ్చదనంతో ఉంది. తొయాదెర్ స్వెట్టర్‌తో, చంకల్లో చేతులు పెట్టుకుని, పాలసీసా అక్కడే మర్చిపోయి ఇంటివైపు వెళ్లిపోయాడు.

గెలిచింది ఇలింకాయే. కోటును గుండెకు హత్తుకుని గేటులోకి వచ్చింది. అత్తగారి మొహం వైపు అప్పుడు చూసింది.

ప్రొఫీరా ఏడవడం లేదు. బూట్లు పట్టుకుని అలాగే నిలబడి వీధి చివరకు చూస్తోంది, ఎవరో రావలసి ఉన్నట్టు.

*

కోటు మళ్లీ కొక్కేనికి చేరింది. ప్రొఫీరా దాని కిందే చెక్కపెట్టె మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటినా లేవలేదు. ఇలింకా పాలు కాచి గ్లాసు పక్కన పెట్టింది. పాల మీద మీగడ కట్టింది.

"ఏదైనా తినండి అత్తయ్యా."

ప్రొఫీరా గ్లాసును పక్కకు జరిపింది.

"నా మీద కోపమైతే నన్ను తిట్టండి. ఇలా కూర్చోకండి."

"నీ మీద కోపం లేదు."

"మరి?"

"పొద్దున్న కొవ్వొత్తి వెలిగించానా" అంది ప్రొఫీరా, ఎవరితోనో చెబుతున్నట్టు. "అక్కడ వాడికి కనపడి ఉంటుంది. అమ్మ ఏదో పంపిస్తోంది అనుకుని ఉంటాడు. చెయ్యి చాపి ఉంటాడు."

ఇలింకాకు ఆ చాపిన చెయ్యి కనపడింది. పొడుగు వేళ్లు, బొటనవేలు మీద కాలిన మచ్చ. గెలుపు ఎక్కడికక్కడ ఆవిరైపోయింది. గదిలోకి వెళ్లిపోదామని తలుపు తీసింది.

తెర మీద మనిషి చేతుల్లోకి ఊదుకుంటున్నాడు.

ఇన్నాళ్లూ ఆ ఊదుకోవడం చూస్తే ముచ్చటేసేది. యుస్తిన్ కదిలినట్టే ఉండేది. ఒక్కోసారి పని మానేసి, దాన్నే చూస్తూ కూర్చునేది. ఇవాళ చూడలేకపోయింది. చూడకుండా పక్కకు తిరిగేసరికి గుమ్మంలో ప్రొఫీరా ఉంది. కొడుకు పోయిన తర్వాత ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం ఇదే మొదలు.

"ఇదేనా మీరిద్దరూ రాత్రీపగలూ కూర్చుని చేసింది?"

"ఇదే."

"ఈ ముసలిది ఎవరు? నేనా?"

"మీరే."

"నా ముక్కు ఇంత లేదు."

"ఇంకా పెద్దగా గియ్యమన్నాడు మీ అబ్బాయి. నేనే తగ్గించాను."

ప్రొఫీరా పెదవి ఒకపక్క కదిలింది. వెంటనే సర్దుకుంది. తెరకు మొహం దగ్గరగా పెట్టి కిందిసగం చూసింది. చాలాసేపు చూసింది.

"మీ మామయ్యను చేస్తున్నాం అన్నాడు వాడు."

"అవును."

"ఇది మీ మామయ్య కాదు."

ఈ ఏడాదిలో ఆ బొమ్మ మీద ఎన్నిసార్లు చెయ్యి వేసిందో ఇలింకాకే తెలియదు. ఒకరోజు మీసం తీసేసింది. ఒకరోజు ఎడమ భుజం కొంచెం లేపింది. ఇంకోరోజు మెడ పొడుగు చేసింది. ఏ ఒక్కటీ కావాలని చేసినట్టు ఒప్పుకోలేదు.

"ఎందుకలా ఊదుకుంటున్నాడు?"

"చలి."

"ఇయ్యరాదూ ఆ కోటు!"

"ఎవరికీ నప్పదు అత్తయ్యా. చూడండి." ఇలింకా చూపించింది. ముసలమ్మ కోటును ఫాదర్ గారికి అందించింది, బొజ్జ దగ్గర ఆగిపోయింది. ఉత్తరాలావిడకు అందించింది, ఆవిడ తల అడ్డంగా ఊపింది. పాలకేంద్రం ముసలాయన దాంట్లో మునిగిపోయాడు. ప్రతిసారీ కోటు తిరిగి కొక్కేనికి చేరింది.

"వాడు తప్పు రాశాడా?"

"పూర్తి చెయ్యకుండా పోయాడు. ఇంకో మనిషిని పెట్టాలనుకున్నాడేమో. నాకు చెప్పలేదు."

"మరేం చేస్తావు?"

"ఇక్కడితో ఆపేస్తాను. కోటు ఇంట్లోనే ఉంటుంది. మంచు కురుస్తుంది. అయిపోతుంది."

"మరి వీడు?"

"కనపడడు. మంచు కప్పేస్తుంది."

"కప్పేస్తావా" అంది ప్రొఫీరా.

ఆ ఒక్క మాటా అని నిటారుగా లేచింది. మోకాళ్లు పట్టుకోలేదు, మూలగలేదు. వంటింట్లోకి వెళ్లి సొరుగు లాగిన చప్పుడైంది. తర్వాత కొక్కెం దగ్గర చప్పుడైంది. ఇలింకా లేచి వచ్చేసరికి కోటు అత్తగారి భుజం మీద ఉంది. చేతిలో కొత్త కొవ్వొత్తి, అగ్గిపెట్టె.

"మళ్లీ తొయాదెర్ దగ్గరికా? నేనివ్వను. చెప్తున్నాను, ఇవ్వను!"

"గొంతు చించుకోకు. బూట్లు వేసుకుని రా."

"రాను."

"రా అమ్మా" అంది ప్రొఫీరా.

ఆ ఇంట్లో ఆమె కోడలిని అమ్మా అని పిలవడం ఇలింకా ఎప్పుడూ వినలేదు. బూట్లలో కాళ్లు దూర్చి, తాళ్లు కట్టుకోకుండానే వెంట నడిచింది.

బయట వెలుగు తగ్గుతోంది. గాలి లేదు. గేటు దగ్గరికి వచ్చాక ప్రొఫీరా పక్కకు జరిగి కోడలిని ముందు నడవమంది. ఇలింకా వీధిలోకి అడుగుపెట్టగానే వెనక గేటు మూసుకుంది. గడియ పడింది. అత్తగారు లోపల, కోడలు బయట, మధ్యలో దడి.

"ఇదేంటత్తయ్యా?"

ప్రొఫీరా కొవ్వొత్తి వెలిగించింది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోదానికి అరచెయ్యి అడ్డం పెట్టింది. కోటును దడి మీద వేసి, దాని మీదుగా కొవ్వొత్తి చాపింది.

"యుస్తిన్ పేర. వాడి ఆత్మకు. పుచ్చుకో."

"నేనా?" ఇలింకా నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నేను ఇంటిమనిషిని. ఇంటిమనిషికి ఎవరైనా ఇస్తారా?"

"ఫాదర్ గారొచ్చి వద్దంటే ఆయనతో నేను పడతాను. వాడు పోయిన రోజు నుంచీ నువ్వు వణుకుతూనే ఉన్నావు. పొయ్యి పక్కన కూర్చుని వణుకుతావు. నాకు చలేస్తున్న మనిషి కనపడింది. ఇస్తున్నాను. కోటు నీ దగ్గరే ఉంటుంది, వాడికీ చేరుతుంది. ఇద్దరిలో ఎవరూ చలికి చావక్కర్లేదు. పుచ్చుకో."

ఇలింకా చేతులు చాపింది. చేతికి గరుకు గుడ్డ తగిలింది. జేబులో గింజల పొట్టు గలగలమంది. ఆమె దడి మీదుగా ఇంటివైపు చూసింది. తన కిటికీలో కంప్యూటర్ వెలుగు కనపడుతోంది. దాని ముందు ఖాళీ కుర్చీ.

ఆటలో కూడా ఆ ఇంటికి ఒక కిటికీ ఉంది. దాని వెనక తల వంచుకుని కూర్చున్న ఒక ఆడమనిషి ఉంది. యుస్తిన్ పనిగట్టుకుని గీయించాడు. ఎవరో చెప్పలేదు. అలంకారానికేమో అనుకుని గీసింది ఇలింకా. దడి బయట నిలబడినవాళ్లందరికీ కోటు ఇచ్చి చూసింది గానీ, కిటికీలో మనిషికి ఇవ్వాలని ఏ రోజూ తట్టలేదు.

నీది చివర్లో, అన్నాడు.

పొరపాటు రాయలేదు యుస్తిన్. పూర్తి చెయ్యకుండానూ పోలేదు. ఒక్క గొంతు కోసం చోటు అట్టేపెట్టాడు.

"మాట, ఇలింకా" అంది ప్రొఫీరా. కొవ్వొత్తి కరిగి ఆమె వేళ్ల మీదికి జారుతోంది. చెయ్యి కదపలేదు. "మాటంటేనే వెళ్తుంది."

ఇలింకాకు ఆ మాట తెలుసు. ప్రతి అక్షరం తెలుసు. అంటే యుస్తిన్ అవతలి ఒడ్డున కోటు తొడుక్కుని వెచ్చగా ఉంటాడు, ఇక ఎప్పటికీ అవతలి ఒడ్డునే ఉంటాడు. అనకపోతే వీధిలో వెళ్లే ప్రతి వీపూ కాసేపు యుస్తిన్ అవుతుంది. ఆ కాసేపు ఆమెకు ఎంత కావాలో దడికి అవతల ఉన్న మనిషికీ తెలుసు. తెలిసే చెయ్యి కాల్చుకుంటోంది.

ఇలింకా పెదాలు కదిలాయి.

ప్రొఫీరా ఈసారి పెదాల వైపు చూడలేదు. తలగుడ్డ పక్కకు జరుపుకుని, వినపడే చెవిని కోడలి వైపు తిప్పింది.